శిశుక్రీడ – మెదడు వికాసం

శిశుక్రీడ అంటే పుట్టినప్పటి నుంచి సుమారు మూడేళ్ళ వరకు పసిబిడ్డ పెద్దవాళ్ళతోను, చుట్టూ ఉన్న వస్తువులతోను, తన కాళ్ళూ చేతులతోను ఆడే ఆట. ఈ వ్యాసం మొదటి రెండేళ్ళకు, అందులోనూ ఇంట్లోవాళ్ళు బిడ్డతో కలిసి ఆడే ఆటకు పరిమితం. ఇటువంటి ఆటకూ మెదడు ఎదుగుదలకూ ఉన్న సంబంధాన్ని శిశువైద్యులు, మనోవైజ్ఞానికులు, నాడీశాస్త్రజ్ఞులు ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి పరిశీలిస్తున్నారు. పెద్ద పిల్లల ఆటలకు చూ. బాలక్రీడలు, ఆటవస్తువులకు చూ. బొమ్మలు.

నిర్వచనం, పరిధి

బిడ్డ ఇష్టపడి పాల్గొనడం, అందులో సంతోషం పొందడం, ఆటకు వెలుపల మరో ఫలితం ఆశించకపోవడం: ఒక పనిని ఆటగా గుర్తించడానికి సాధారణంగా చెప్పే లక్షణాలు ఇవి. అక్షరాల కార్డులు చూపించి గుర్తుపట్టించడం, అంకెలు వల్లెవేయించడం వంటివి ఈ నిర్వచనంలోకి రావు; అవి బోధన. పాలివ్వడం, స్నానం చేయించడం, బట్టలు మార్చడం ఆటలు కాకపోయినా వాటి నడుమ సాగే ముద్దుమాటలు, ముఖకవళికలు, గిలిగింతలు శిశుక్రీడలో భాగమే. నెలల పిల్లల విషయంలో ఆటలో ఎక్కువ వంతు ఇలా పనుల మధ్యనే జరుగుతుంది.

చరిత్ర

పసిపిల్లలకు ఆటవస్తువులు ఇవ్వడం చాలా పాత అలవాటు. సింధు నాగరికత స్థలాల్లో మట్టితో చేసి కాల్చిన గిలకలు దొరికాయి. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన ‘రాజనీతి’ గ్రంథంలో ఆర్కిటస్ రూపొందించిన గిలకను మెచ్చుకున్నాడు. బిడ్డ చేతికి అది ఇస్తే ఇంట్లో సామాను పగలగొట్టడన్నది ఆయన చూసిన లాభం. పదిహేడో శతాబ్దంలో కొమేనియస్ బిడ్డకు మొదటి బడి తల్లి ఒడేనని ప్రతిపాదించాడు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1844లో తల్లులు పసివాళ్ళతో ఆడుకోవడానికి వేళ్ళ ఆటలు, పాటలతో ఒక పుస్తకం వెలువరించాడు. ఆయన రూపొందించిన ఆటవస్తువుల వరుసలో మొదటిది దారంతో అల్లిన మెత్తటి బంతి.

అయితే ఈ చరిత్ర తిన్నగా ముందుకు సాగలేదు. అమెరికాలో 1894లో వెలువడి అనేక ముద్రణలు పొందిన లూథర్ ఎమెట్ హోల్ట్ శిశుసంరక్షణ పుస్తకం ఆరు నెలలలోపు బిడ్డతో ఆడకపోవడమే మంచిదని తల్లులకు చెప్పింది. ఆటతో బిడ్డకు చిరాకు, నిద్రలేమి కలుగుతాయని, నరాలు అలిసిపోతాయని ఆనాటి వైద్యుల నమ్మకం. అమెరికా ప్రభుత్వం 1914లో ప్రచురించిన శిశుసంరక్షణ కరపత్రం కూడా ఇదే ధోరణిలో నడిచింది. ప్రవర్తనవాది జాన్ వాట్సన్ 1928లో పిల్లలను ముద్దు పెట్టుకోవద్దని, ఒడిలో కూర్చోబెట్టుకోవద్దని రాశాడు. నేటి వైద్య సలహా దీనికి పూర్తిగా వ్యతిరేకం. మధ్యకాలంలో వచ్చిన పరిశోధన ఆనాటి సలహాను తలకిందులు చేసింది.

కెనడా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ హెబ్ 1940లలో కొన్ని ఎలుకలను తన ఇంటికి తీసుకెళ్ళి స్వేచ్ఛగా తిరగనిచ్చాడు. ప్రయోగశాల పంజరాల్లో పెరిగిన వాటికంటే అవి సమస్యలను బాగా పరిష్కరించాయి. 1960లలో బర్కిలీలో మార్క్ రోజెన్‌జ్వైగ్, మరియన్ డైమండ్ బృందం ఆటవస్తువులు, తోటి ఎలుకలు ఉన్న పంజరంలో పెరిగిన ఎలుకల మెదడు పైపొర మందంగా ఉందని చూపింది. స్విట్జర్లాండ్‌లో జీన్ పియాజే తన ముగ్గురు పిల్లలను గమనించి, మొదటి రెండేళ్ళలో బిడ్డ ఇంద్రియాలు, కదలికల ద్వారానే ఆలోచిస్తుందని 1936లో ప్రతిపాదించాడు. వస్తువు కంటికి కనబడకపోయినా ఉంటుందన్న ఎరుక ఎనిమిది నెలల ప్రాంతంలో మొదలవుతుందని ఆయన అన్నాడు. 1980లలో రెనే బయార్జియన్ ప్రయోగాలు ఆ ఎరుక ఛాయలను నాలుగైదు నెలలకే గుర్తించాయి (చూ. పియాజే సిద్ధాంతం).

మెదడులో జరిగే మార్పులు

నవజాత శిశువు మెదడు బరువు 350 నుంచి 400 గ్రాములు. పెద్దల మెదడులో సుమారు నాలుగో వంతు. మొదటి సంవత్సరంలోనే దాని పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది, రెండో ఏట పెరుగుదల నెమ్మదిస్తుంది. న్యూరాన్లలో అత్యధిక భాగం పుట్టకముందే ఏర్పడి ఉంటాయి కాబట్టి ఈ పెరుగుదల ప్రధానంగా వాటి కొమ్మలది, వాటి మధ్య అతుకులైన సినాప్సులది, సంకేతాల వేగాన్ని పెంచే మైలిన్ తొడుగులది (చూ. న్యూరాన్, సినాప్స్).

సినాప్సులు మొదట అవసరానికి మించి పుడతాయి. తర్వాత వాడకంలో ఉన్నవి బలపడతాయి, లేనివి తొలగిపోతాయి. అమెరికా నాడీవైద్యుడు పీటర్ హుటెన్‌లోకర్ మరణించిన పిల్లల మెదడు కణజాలంలో సినాప్సులను లెక్కించి, ఈ హెచ్చుతగ్గులు మెదడంతటా ఒకేసారి రావని చూపాడు. చూపుకు సంబంధించిన ప్రాంతంలో సినాప్సుల సాంద్రత మొదటి ఏడాదిలోనే గరిష్ఠానికి చేరుతుంది. ప్రణాళికకు, నిగ్రహానికి ఆధారమైన నుదుటి భాగంలో ఆలస్యంగా చేరి, కత్తిరింపు కౌమారం దాకా కొనసాగుతుంది.

అనుభవం మెదడును మలిచే తీరును విలియం గ్రీనఫ్ 1987లో రెండుగా విడదీశాడు. ఒకటి, మానవ శిశువులందరికీ దొరుకుతుందని మెదడు ముందే ఎదురుచూసే అనుభవం: వెలుతురు, శబ్దం, మనిషి ముఖం, స్పర్శ. రెండోది, ఆయా కుటుంబాన్ని, ప్రాంతాన్ని బట్టి కలిగే అనుభవం: ఒక భాష, ఒక పాట, ఒక నైపుణ్యం. మొదటి రకం సకాలంలో అందకపోతే నష్టం తీవ్రం. పిల్లికూనల ఒక కన్ను మూసి పెంచితే ఆ కంటికి సంబంధించిన నాడీమార్గాలు బలహీనపడతాయని డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ చూపారు. వారికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే గడువు దాటితే ఏమీ దక్కదన్నది కూడా అతిశయోక్తే. భారతదేశంలో పుట్టు శుక్లాలతో పెరిగిన పిల్లలకు ఆలస్యంగా శస్త్రచికిత్స చేయించిన పవన్ సిన్హా ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’లో, ఎనిమిదేళ్ళు దాటినవారికి సైతం ఉపయోగపడేంత చూపు వచ్చింది.

ఇచ్చిపుచ్చుకోలు

పెద్దలతో ఆడే ఆటలో మెదడుకు పనికొచ్చే అంశం ఏది అన్న ప్రశ్నకు పరిశోధకులు ఎక్కువగా చెప్పే జవాబు: ఒకరి చేష్టకు మరొకరు బదులివ్వడం. బిడ్డ ‘ఉంగా’ అంటే తల్లి ‘ఊఁ’ అంటుంది; బిడ్డ ఆగి వింటుంది; మళ్ళీ అంటుంది. ఎడ్వర్డ్ ట్రానిక్ బృందం 1978లో ప్రచురించిన ప్రయోగంలో, బిడ్డతో ఆడుతున్న తల్లులను కొద్దిసేపు ఏ భావమూ చూపకుండా నిశ్చలంగా ఉండమన్నారు. నెలల పిల్లలు మొదట నవ్వి, చేతులు చాపి తల్లిని తిరిగి ఆటలోకి లాగే ప్రయత్నం చేశారు. ఫలించకపోయేసరికి ముఖం తిప్పుకున్నారు. ఎదుటి మనిషి నుంచి బదులు రావాలని బిడ్డ అప్పటికే ఆశిస్తున్నదని దీని తాత్పర్యం.

2020లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 9 నుంచి 15 నెలల పిల్లలూ ఒక పెద్ద వ్యక్తీ బొమ్మలతో ఆడుతూ, పాడుతూ, పుస్తకం చూస్తూ ఉండగా ఇద్దరి మెదళ్ళలో రక్తప్రవాహాన్ని ఏకకాలంలో కొలిచారు. ముఖాముఖి ఆటలో రెండు మెదళ్ళ చలనాలు జోడుగా సాగాయి. ఎవరి మానాన వారు ఉన్నప్పుడు ఆ జోడింపు కనిపించలేదు. 2018లో ప్రచురితమైన మరో అమెరికా అధ్యయనం 18–24 నెలల వయసులో ఇంట్లో బిడ్డకూ పెద్దలకూ మధ్య మాట మారిన సార్లను లెక్కించింది. అవి ఎక్కువగా ఉన్న పిల్లల భాషాసామర్థ్యం, ప్రజ్ఞాసూచి పదేళ్ళ తర్వాత కూడా మెరుగ్గా ఉన్నాయి. ఇది సహసంబంధం మాత్రమే, కారణాన్ని నిరూపించదు.

వయసు, ఆటలు

నవజాత శిశువుకు బాగా స్పష్టంగా కనబడే దూరం 20 నుంచి 30 సెంటీమీటర్లు. ఒడిలో ఉన్న బిడ్డకు తల్లి ముఖం సుమారు అంతే దూరంలో ఉంటుంది. ముఖాన్ని పోలిన ఆకారాల వైపు పసివాళ్ళు ఎక్కువసేపు చూస్తారని రాబర్ట్ ఫాంజ్ 1960లలో గుర్తించాడు. కాబట్టి మొదటి రెండు నెలల్లో మనిషి ముఖమూ గొంతూ ఉంటే చాలు, వేరే ఆటవస్తువు అవసరం లేదు. ఆరు వారాల నుంచి రెండు నెలల మధ్య బదులు నవ్వు మొదలవుతుంది. మూడు నాలుగు నెలలకు చేతికి అందిన దాన్ని పట్టుకోవడం, నోట పెట్టుకోవడం వస్తాయి. నోటితో చవిచూడటం ఈ దశలో పరిశీలనకు ప్రధాన మార్గం.

మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టడం మెడ, వీపు, భుజాల కండరాలకు మేలు చేస్తుంది. ఇంకా పాకని పిల్లలకు ఇది రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలాగానే పడుకోబెట్టాలి.

ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య దోబూచులాటకు ప్రాధాన్యం ఉంది. జెరోమ్ బ్రూనర్, షెర్‌వుడ్ 1976లో ఈ ఆటను విశ్లేషించి, దీనిలో నియమాలున్న ఒక నిర్మాణం ఉందని చూపారు: చూపు కలపడం, ముఖం దాయడం, ఎదురుచూపు, ప్రత్యక్షం కావడం, ఆనందం. మొదట పెద్దవాళ్ళు దాగి బిడ్డ చూస్తుంది. కొన్ని నెలలకు బిడ్డే కొంగు లాగుతుంది. చివరకు బిడ్డే దాగుతుంది. కేరింతలతో పాటు ‘నీ వంతు, నా వంతు’ అన్న సంభాషణ మర్యాద కూడా అలవడుతుంది. తొమ్మిది నెలల ప్రాంతంలో బిడ్డ వేలితో వస్తువును చూపడం, పెద్దలు చూసినవైపు తానూ చూడటం మొదలవుతాయి. ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూస్తూ దాని పేరు చెప్పుకోవడం మాటలు నేర్చుకోవడానికి పునాది (చూ. భాషార్జన).

రెండో ఏట గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టడం, డబ్బా నింపి ఒలకబోయడం, దిమ్మెలు పేర్చి పడగొట్టడం ముందుంటాయి. ఏడాదిన్నర తర్వాత ఖాళీ గ్లాసుతో తాగినట్టు నటించడం, బొమ్మకు అన్నం తినిపించడం కనిపిస్తాయి. ఒక వస్తువు మరొకదానికి బదులు నిలవగలదన్న గ్రహింపు ఇక్కడ మొదలవుతుంది.

తెలుగువారి శిశుక్రీడలు

తెలుగు ఇళ్ళలో పసివాళ్ళ ఆటలు ఎక్కువగా వస్తువులు లేనివి. చప్పట్లు తాళాలు, రెండు చేతులూ తిప్పే తారంగం, అరచేతిలో పప్పు రుబ్బినట్టు నటించి వేళ్ళను చంక దాకా నడిపించే గిలిగింత ఆట, దోబూచి, చందమామను చూపుతూ అన్నం పెట్టడం, కాళ్ళు చాపుకొని పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టి ఊపడం, నిద్రకు జోలపాట వీటిలో ముఖ్యమైనవి (చూ. జోలపాటలు). వేళ్ళ నడక ఆటలో చెయ్యి చంక చేరకముందే బిడ్డ నవ్వడం మొదలుపెడుతుంది. తర్వాత ఏం రాబోతోందో ఊహించగలగడమే దీనికి కారణం. కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాయడం, నీళ్ళు పోయడం కూడా ముచ్చట్లతో సాగే తంతు. ఎదుగుదల మెట్లను కుటుంబం గమనిస్తున్నదనడానికి బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచే ఆచారం గుర్తు.

వస్తువుల్లో లక్క గిలకలు, మూడు చక్రాల చెక్క నడకబండి ప్రసిద్ధం. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కతోను, చెట్ల నుంచి తీసిన రంగులతోను గిలకలు, బొంగరాలు చేస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. తెల్లపొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మలు ముఖ్యంగా కొలువుకు, అలంకారానికి ఉద్దేశించినవి. నోట పెట్టుకునే వయసు పిల్లల ఆటకు తగినవి కావు.

భాష విషయంలో ఒక పరిశోధన తెలుగువారికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో కెనడాలో ఆంగ్లం వినే పిల్లలకు హిందీలోని ‘ట’, ‘త’ ధ్వనులు వినిపించారు. 6–8 నెలల పిల్లలు తేడా గుర్తించారు. 10–12 నెలలకు ఆ శక్తి బాగా సన్నగిల్లింది. ఈ ధ్వనిభేదం తెలుగులోనూ ఉంది. ప్యాట్రీషియా కూల్ 2003లో తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు పన్నెండు విడతల్లో చైనా మాండరిన్ వినిపించింది. ఎదురుగా కూర్చొని ఆడిన మనిషి నుంచి పిల్లలు ఆ ధ్వనులు నేర్చుకున్నారు; అవే మాటలను వీడియోలో చూసినవారు నేర్చుకోలేదు. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు ఇంటిభాష నిలుపుకోవడానికి పాటల వీడియోలకంటే తెలుగులో ఆడే మనుషుల మీద ఆధారపడాలనడానికి ఇది శాస్త్రీయమైన కారణం.

క్షేత్ర ప్రయోగాలు

ఆట మేలు చేస్తుందని ప్రయోగశాలలో చూపడం వేరు, పేద ఇళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచే ఫలితం చూపడం వేరు. రెండో దానికి ప్రధాన ఆధారం జమైకా నుంచి వచ్చింది. శాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ బృందం 1986–87లో కింగ్‌స్టన్ పేటల్లో వయసుకు తగిన ఎత్తు లేని 129 మంది పిల్లలను ఎంచుకుంది. వారి వయసు 9 నుంచి 24 నెలలు. నాలుగు జట్లలో ఒకదానికి పాలపొడితో కూడిన పోషకాహారం, ఒకదానికి ఆట, ఒకదానికి రెండూ ఇచ్చారు. మరొకదానికి ఏదీ లేదు. ఆరోగ్య కార్యకర్త వారానికొకసారి, గంటసేపు, రెండేళ్ళపాటు ఇంటికి వెళ్ళింది. ఆమె పని బిడ్డకు నేర్పడం కాదు. బిడ్డతో ఎలా ఆడవచ్చో తల్లికి చూపి, తల్లి చేత ఆడించి, ప్రోత్సహించడం. బొమ్మలు ఖాళీ సీసాలు, డబ్బాలు, అట్టముక్కలతో చేసినవి.

రెండేళ్ళు ముగిసేసరికి ఆట అందిన జట్లు వికాస పరీక్షల్లో ముందుకు వచ్చాయి. పోషకాహారం వల్ల కలిగిన మేలు తర్వాత కరిగిపోయింది, ఆట వల్ల కలిగిన మేలు నిలిచింది. ఇరవై ఏళ్ళ తర్వాత అదే పిల్లలను పరిశీలించిన పాల్ గెర్ట్లర్, జేమ్స్ హెక్‌మన్ తదితరులు ఆట అందినవారి సంపాదన ఇతరులకంటే సుమారు 25 శాతం ఎక్కువని 2014లో ప్రకటించారు. నమూనా చిన్నది అన్న పరిమితి ఈ ప్రయోగానికి ఉంది. అయినా అనేక దేశాలు దీన్ని ఆదర్శంగా తీసుకున్నాయి.

ఒడిశాలోని కటక్ మురికివాడల్లో స్థానిక మహిళల చేత ఇదే పద్ధతి 18 నెలలు నడిపినప్పుడు పిల్లల గ్రహణశక్తి మెరుగుపడింది. తర్వాత గ్రామీణ ఒడిశాలో 192 గ్రామాల్లో జరిగిన పరీక్షలో ఇంటింటికీ వెళ్ళడం, తల్లులను జట్టుగా ఒకచోట కూర్చోబెట్టడం దాదాపు సమానమైన ఫలితమిచ్చాయి. జట్టు పద్ధతికి ఖర్చు బాగా తక్కువ.

తెలుగు నేల మీద జరిగిన ముఖ్యమైన పరీక్ష హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 60 గ్రామాలను మూడు జట్లుగా విభజించి, మూడు నెలల నుంచి పదిహేను నెలల వయసు వరకు పిల్లలను పరిశీలించారు. ఒక జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలు, రెండోదానికి అదనంగా అనుపూరక ఆహారంపై సలహాలు, మూడోదానికి ఆ సలహాలతో పాటు బిడ్డ సంకేతాలు గమనిస్తూ తినిపించడం, ఆడించడంలో శిక్షణ ఇచ్చారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం సలహాలు అందిన రెండు జట్లలోనూ ఆహారం మెరుగైంది. మానసిక వికాసంలో మామూలు సేవల జట్టుకంటే స్పష్టంగా ముందున్నది మూడో జట్టు.

దీనికి విరుద్ధంగా, ఆటా ఆదరణా లేనప్పుడు ఏమవుతుందో రుమేనియా అనాథాశ్రమాలు చూపాయి. 2000లో మొదలైన బుఖారెస్ట్ అధ్యయనంలో 136 మంది పసివాళ్ళలో సగం మందిని కుటుంబాల్లో పెంపకానికి ఇచ్చారు. వారి ప్రజ్ఞాసూచి ఆశ్రమాల్లో మిగిలినవారికంటే పెరిగింది. రెండేళ్ళలోపు కుటుంబం దొరికినవారికి ఎక్కువ మేలు కలిగింది.

ప్రభుత్వ, అంతర్జాతీయ కార్యక్రమాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తదితర సంస్థలు 2018లో ప్రకటించిన ‘పోషణాత్మక సంరక్షణ’ చట్రం ఆరోగ్యం, పోషణ, భద్రత, బదులిచ్చే సంరక్షణ, తొలి అభ్యాసం అనే ఐదింటిని కలిపి చూస్తుంది. భారతదేశంలో 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో ఆటపాటల భాగం మూడు నుంచి ఆరేళ్ళవారిని ఉద్దేశించినది. మూడేళ్ళలోపు వారికి అందినది ప్రధానంగా పౌష్టికాహారం, టీకాలు, తూకం. ఈ లోటును పూరించే ప్రయత్నాలు ఇటీవలివి. 2018 నుంచి ఆశా కార్యకర్తలు బిడ్డ మూడో నెల నుంచి పదిహేనో నెల వరకు ఐదుసార్లు ఇంటికి వెళ్ళాలన్న కార్యక్రమం ఉంది. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ‘నవచేతన’ పేరుతో మూడేళ్ళలోపు పిల్లల కోసం 36 నెలలకు 140 ఆటపాటల పట్టిక విడుదల చేసింది (చూ. అంగన్‌వాడీ).

తెరలు, ‘తెలివి పెంచే’ సరుకులు

1993లో మొజార్ట్ సంగీతం విన్న కళాశాల విద్యార్థులు ఒక రకం పరీక్షలో కొద్ది నిమిషాలపాటు మెరుగ్గా రాణించారని ఒక చిన్న అధ్యయనం వచ్చింది. శిశువులతో దానికి సంబంధం లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డు ఇవ్వాలని ప్రతిపాదించారు. అదే దశాబ్దంలో పసివాళ్ళ కోసమని వీడియోల వ్యాపారం పెరిగింది. 2010లో జూడీ డెలోచె బృందం 12–18 నెలల పిల్లలకు అటువంటి ఒక వీడియోను నెలరోజులు చూపించి పరీక్షించగా, చూడనివారికంటే వారు అదనంగా మాటలేమీ నేర్చుకోలేదు. వీడియో లేకుండా తల్లిదండ్రులే ఆ మాటలు నేర్పిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు.

రెండేళ్ళు నిండేవరకు తెరలు వద్దని భారత శిశువైద్యుల సంఘం చెబుతుంది. రెండేళ్ళలోపు పిల్లలకు వద్దన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా. దూరంగా ఉన్న తాతయ్య, అమ్మమ్మలతో వీడియో కాల్‌ను అమెరికా శిశువైద్య అకాడమీ తెరలపై తన ఆంక్ష నుంచి మినహాయించింది. అందులో ఎదుటి మనిషి బిడ్డ చేష్టకు బదులిస్తాడు.

వివాదాలు

‘మొదటి మూడేళ్ళలోనే అంతా అయిపోతుంది’ అన్న ప్రచారాన్ని జాన్ బ్రూయర్ 1999లో ఒక పుస్తకంలో విమర్శించాడు. ఎలుకల ప్రయోగాల్లో ‘సమృద్ధ’ పంజరం నిజానికి అడవి ఎలుక సహజ జీవితానికి దగ్గరగా ఉంటుంది, మామూలు పంజరమే లేమి. కాబట్టి వాటి నుంచి లేమి హానికరమని చెప్పవచ్చు గాని, సాధారణ కుటుంబంలో పెరిగే బిడ్డకు అదనపు ఉద్దీపన ఇస్తే మెదడు మరింత పెరుగుతుందని చెప్పలేం. ఈ అభ్యంతరం ఇప్పటికీ బలమైనదే. పైన చెప్పిన క్షేత్ర ప్రయోగాల్లో ఎక్కువ భాగం పేదరికంలో జరిగాయి. సంపన్న కుటుంబాలకు వాటిని యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. నవజాత శిశువులు నాలుక చాపడం వంటి చేష్టలను అనుకరిస్తారన్న ఆండ్రూ మెల్ట్‌జాఫ్ 1977 నాటి ఫలితం కూడా 2016లో జరిగిన పెద్ద పరీక్షలో నిలవలేదు. దానిపై వాదం సాగుతోంది.

సంస్కృతి భేదాల ప్రశ్న మరొకటి. చాలా సమాజాల్లో పసివాళ్ళతో ఆడేది తల్లిదండ్రులకంటే ఎక్కువగా అక్కలు, అన్నలు, నాయనమ్మలు. తల్లీబిడ్డల ముఖాముఖి ఆటనే ప్రమాణంగా తీసుకున్న పరిశోధన వీరి పాత్రను తక్కువగా నమోదు చేసింది.

భద్రత, ఎదుగుదలలో ఆలస్యం

సుమారు మూడు సెంటీమీటర్లకంటే సన్నని వస్తువు, ఊడివచ్చే గుండీ, బటన్ బ్యాటరీ, వేరుశనగ గింజ పసివాళ్ళ గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది. సీసం కలిసిన రంగులు నేరుగా మెదడుకే హాని చేస్తాయి. 2021 జనవరి 1 నుంచి భారతదేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి; నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. బిడ్డను గట్టిగా కుదపడం మెదడులో రక్తస్రావానికి దారితీయవచ్చు. కూర్చోబెట్టి తిరగనిచ్చే వాకర్లు నడకను త్వరగా నేర్పవు, పైగా మెట్ల దగ్గర ప్రమాదకరం. కెనడా 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఆట చాలన్న సంగతి బిడ్డ ముఖం తిప్పుకోవడం, ఆవలించడం, వీపు విరుచుకోవడం ద్వారా తెలియజేస్తుంది.

మూడు నెలలు దాటినా బదులు నవ్వకపోవడం, శబ్దానికి స్పందించకపోవడం, ఏడాది దాటినా పిలిస్తే తిరగకపోవడం, వేలితో చూపకపోవడం వైద్యుడికి చూపించవలసిన లక్షణాలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా తొలి జోక్య కేంద్రాల్లో ఇటువంటి పిల్లలకు పరీక్షలు, చికిత్స అందుతాయి. అక్కడి చికిత్సలో ఆట ఒక సాధనం. చూపు లేని బిడ్డకు గిలకను మోగించి, చేతిని దాని దాకా నడిపిస్తారు. వినికిడి లేని బిడ్డతో ముఖకవళికలు, సైగలతో ఆడతారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో ఏ ఆట ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పుట్టిన తేదీని బట్టి కాక, ప్రసవం కావలసిన తేదీ నుంచి లెక్కించి నిర్ణయిస్తారు.